డచ్ ఫార్మ్‌హౌస్‌ని మ్యూజియంగా కాపాడటం ఎలా: కప్పు నుంచి లేబుల్ దాకా

మాన్‌హాటన్ ఉత్తర కొసన, బ్రాడ్‌వే, 204వ వీధి కలిసే మూలలో, చుట్టూ అపార్ట్‌మెంట్ల మధ్య రాయి, ఇటుక, తెల్ల చెక్కపలకలతో కట్టిన ఇల్లొకటి గట్టు మీద కూర్చుని ఉంటుంది. అదే డచ్ శైలిలో కట్టిన డిక్‌మన్ ఫార్మ్‌హౌస్. 1661లో జర్మనీలోని వెస్ట్‌ఫేలియా నుంచి వలస వచ్చిన యాన్ డిక్‌మన్ వంశం వాళ్లది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాళ్ల పాత ఇల్లు నాశనమైంది. ఇప్పుడు కనిపించేది విలియం డిక్‌మన్ 1785 ప్రాంతంలో కట్టించినది. తర్వాత ఇల్లు చేతులు మారి పాడుబడింది. 1915లో అదే వంశానికి చెందిన అక్కచెల్లెళ్లు మేరీ ఆలిస్, ఫ్యానీ ఫ్రెడరికా దాన్ని తిరిగి కొని బాగుచేయించి, 1916లో నగరానికి అప్పగించారు. బ్రూక్లిన్‌లోని వైకాఫ్ ఇల్లు ఇంకా పాతది, 1652 ప్రాంతం నాటిది. న్యూయార్క్ నగరం 1965లో లాండ్‌మార్క్‌లను, అంటే కాపాడాల్సిన చారిత్రక కట్టడాలను, గుర్తించడం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట ఎంపికైన కట్టడం అదే.

ఇలాంటి డచ్ సెటిలర్ల ఇళ్లు న్యూజెర్సీలోనూ, హడ్సన్ లోయలోనూ ఇంకా ఎన్నో ఉన్నాయి. చాలావాటి బాగోగులు చూసేది ఊళ్లో ఉండే చారిత్రక సంఘాలూ, వాలంటీర్లే. ఆ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు ఎవరైనా ఇలాంటి కమిటీలో చేరితే, మొదటి మీటింగులో వినిపించే మాట సాధారణంగా ఇలా ఉంటుంది: "గోడలు పగుళ్లిచ్చాయి, సిమెంటు పెట్టిద్దామా?" పెట్టించకూడదు. ఎందుకో, దాని బదులు ఏం చేయాలో కింద ఉంది. ఇలాంటి ఇళ్లకు జరిగే నష్టంలో పెద్ద వాటా నీళ్లది, ఆ తర్వాతి వాటా మంచి ఉద్దేశంతో చేసిన రిపేర్లది. అందుకే పని పైనుంచి కిందికి, బయటినుంచి లోపలికి సాగాలి. కప్పు కారుతుండగా గోడకు సున్నం పట్టించడం డబ్బు దండగ.

పనిముట్టు పట్టేముందు

ఇంటిని ఏ కాలం నాటి రూపంలో చూపించాలో ముందే తేల్చుకోండి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల్లో నాలుగు మార్గాలున్నాయి: ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం, వాడకానికి అనువుగా మార్చుకోవడం, ఒక కాలానికి వెనక్కి తీసుకెళ్లడం, లేనిదాన్ని మళ్లీ కట్టడం. మొదటిది చవక, తప్పులకు ఆస్కారం తక్కువ. మూడోది ఎంచుకుంటే ఆ తర్వాతి కాలంలో చేర్చినవన్నీ తీసేయాల్సి వస్తుంది, ఒకసారి తీసేశాక అవి తిరిగి రావు. డిక్‌మన్ ఇల్లు ఇక్కడ మంచి ఉదాహరణ. లోపల 1785 నాటి జీవితం ఎంత ఉందో, 1915లో ఇద్దరు అక్కచెల్లెళ్లు తమ పూర్వీకుల గురించి ఊహించుకున్నది కూడా అంతే ఉంది. ఆ రెండో పొర కూడా చరిత్రే కాబట్టి దాన్ని గీకేయాలనుకోవడం పొరపాటు.

ప్రతి గదిలో నాలుగు గోడలూ, నేలా, పైకప్పూ ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలో ఒక కొలబద్ద కనిపించాలి. పాత కట్టడాల వివరాలు నమోదుచేసే అమెరికా ప్రభుత్వ కార్యక్రమం, హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే, 1933లో మొదలైంది. దాని కొలతల డ్రాయింగులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతాయి. మీ ఇంటి డ్రాయింగులు అక్కడ ఉన్నాయేమో కొత్తవి గీయించేముందే వెతకండి.

కప్పు, చూరు, నేల వాలు

డిక్‌మన్ ఇంటి కప్పు రెండు వాలుల కప్పు. పైభాగం వాలు తక్కువ, కిందిభాగం నిటారుగా దిగి, చివర్లో వంపు తిరిగి వరండా మీదుగా చూరులా బయటికి సాగుతుంది. ఈ ఆకారంలో తొందరగా పాడయ్యే చోట్లు రెండు. ఒకటి, రెండు వాలులూ కలిసే గీత. అక్కడి రేకు పట్టీ లేస్తే నీళ్లు లోపలికి పోయి, వాసం మీదుగా జారి, ఎక్కడో దూరంగా మరక కనిపిస్తుంది. మరక ఉన్నచోటే చిల్లు వెతికితే దొరకదు, అటక ఎక్కి వాసాల పొడవునా టార్చి వేసి చూడాలి. రెండోది తక్కువ వాలున్న పైభాగం. మంచు అక్కడ ఎక్కువ రోజులు నిలుస్తుంది కాబట్టి చెక్క పెంకులు ముందు అక్కడే అరుగుతాయి.

దేవదారు జాతి చెక్క పెంకులు మార్చేటప్పుడు ఈ లెక్క పాటించండి. 18 అంగుళాల పెంకులో 5.5 అంగుళాలే బయటికి కనిపించాలి. అప్పుడే ప్రతిచోటా మూడు పొరలు పడతాయి. పక్కపక్క పెంకుల మధ్య పావు అంగుళం నుంచి అంగుళంలో మూడు ఎనిమిదో వంతుల వరకు సందు వదలాలి. సందు లేకుండా బిగిస్తే తడికి ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి. ఒక వరసలోని సందుకూ పై వరసలోని సందుకూ కనీసం అంగుళంన్నర ఎడం ఉండాలి. పెంకుకు రెండే మేకులు, అంచు నుంచి ముప్పావు అంగుళం లోపలికి. మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువైనా, వేడి గాల్వనైజింగ్ చేసినవైనా ఉండాలి. మామూలు మేకులు పెంకు కన్నా ముందే తుప్పుపడతాయి. నాచు పట్టిందని ప్రెషర్ వాషర్ పెట్టకండి. నాచుతోపాటు చెక్క పైపొర కూడా లేచిపోతుంది.

చలికాలంలో చూరు అంచున ఐసు గడ్డకట్టి, వెనక నీళ్లు నిలిచి పెంకుల కిందికి ఎక్కుతున్నాయంటే లోపం కప్పుది కాదు. గదుల్లోని వేడి గాలి అటకలోకి చేరి, పైమంచును కరిగిస్తోంది. కరిగిన నీరు చల్లని చూరు దాకా వచ్చి మళ్లీ గడ్డకడుతోంది. అటక నేలలో చిమ్నీ చుట్టూ, వైర్లు పోయేచోట ఉన్న కంతలు మూయడం దీనికి విరుగుడు.

నీటి కాలువకు 10 అడుగులకు కనీసం అర అంగుళం వాలు ఉండాలి. కిందికి దిగే గొట్టం నీటిని పునాదికి 4 నుంచి 6 అడుగుల దూరంలో వదలాలి. గోడ చుట్టూ నేల మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు బయటికి వాలాలి. పూలమొక్కల కోసం గోడ పక్కన మట్టి పోయడం మ్యూజియం తోటల్లో తరచూ చూసే పని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మట్టి అడుగు దూలం (పునాది మీద ఆనుకుని గోడను మోసే చెక్క దూలం) ఎత్తుకు చేరుతుంది. చెక్కకూ మట్టికీ మధ్య 6 నుంచి 8 అంగుళాల రాయి కనిపిస్తుండాలి. గొడుగు వేసుకుని జోరువానలో ఇంటి చుట్టూ ఒకసారి నడిస్తే, ఎండలో పది తనిఖీల్లో దొరకని లోపాలు దొరుకుతాయి.

రాతిగోడకు సున్నమే

పాత రాతిగోడ తడి పీల్చుకుంటుంది, తడి వదులుతుంది. వదిలే దారి రాళ్ల మధ్య సందుల్లోని సున్నం. ఆ సందులను సిమెంటుతో మూస్తే తడి బయటికి రాలేక ఇటుకలోనూ, మెత్తటి రాయిలోనూ నిలిచిపోతుంది. న్యూయార్క్ చలికి అది గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పొరలుగా ఊడుతుంది. పైగా సిమెంటు ఇటుక కన్నా గట్టిది. గోడ కొద్దిగా కదిలినప్పుడు సందు పగలాలి, ఇటుక పగలకూడదు. సందును మళ్లీ నింపుకోవచ్చు, 1785 నాటి ఇటుక మళ్లీ దొరకదు.

మొదట పాత సున్నం ముక్క తీసి పరీక్షించండి. చిన్న ముక్కను నలగ్గొట్టి, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం నురగగా కరిగిపోతుంది, ఇసుక మిగులుతుంది. కడిగి, ఆరబెట్టి, రంగూ నలుసు సైజూ చూడండి. కొత్త ఇసుక దానికి దగ్గరగా ఉండాలి. ఇందులో ఒక మోసముంది. ఆ ప్రాంతంలో పూర్వం ఆయిస్టర్ చిప్పలు కాల్చి సున్నం చేసేవారు. మిశ్రమంలో కాలని చిప్పముక్కలు ఉంటే అవి కూడా యాసిడ్‌లో కరిగి, అసలు ఉన్నదానికన్నా సున్నం ఎక్కువ ఉన్నట్టు చూపిస్తాయి. అందుకే యాసిడ్‌లో వేసేముందు భూతద్దంతో చూసి, తెల్ల చిప్పలుంటే రాసుకోండి.

పాళ్లు కొలతతోనే కలపాలి, తూకంతో కాదు. నానిన సున్నపు ముద్ద 1 బకెట్టుకు, పదును ఉన్న, కడిగిన ఇసుక 3 బకెట్లు. ఇసుక రేణువుల మధ్య ఖాళీ మొత్తం ఘనపరిమాణంలో దాదాపు మూడో వంతు ఉంటుంది, ఆ ఖాళీని సున్నం నింపాలి. ఈ పాళ్లకు కారణం అదే. నదిలో దొర్లి గుండ్రబడ్డ ఇసుక, మట్టి కలిసిన ఇసుక వద్దు. బస్తా సున్నప్పొడి తెచ్చుకుంటే కనీసం ఒక రోజు నీళ్లలో నానబెట్టి ముద్ద చేసుకోండి. కాల్చి, ఇంకా నీళ్లు తగలని సున్నం వాడుతుంటే మాత్రం నీళ్లలో సున్నం వేయాలి, సున్నంలో నీళ్లు పోయకూడదు. అది కుతకుతా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

కలిపేటప్పుడు నీళ్లు పోయాలన్న ఆశ అందరికీ పుడుతుంది. పోయకండి. ముద్ద గట్టిగా అనిపిస్తే ఇంకాసేపు తొక్కండి, దంచండి, అదే మెత్తబడుతుంది. మన పల్లెల్లో గానుగ సున్నం ఎద్దులతో గంటలకొద్దీ నూరింది ఇందుకే: తక్కువ నీటితో పదును రావాలి. ఎక్కువైన నీరు ఆరాక ఖాళీ వదులుతుంది, ఆ ఖాళీయే పగులవుతుంది.

పాత సందులను ఉలి, సుత్తితో చేత్తోనే తవ్వండి. గ్రైండర్ పెడితే రాళ్ల అంచులు తెగుతాయి, ఆ గాట్లు శాశ్వతం. సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు తవ్వాలి. అర అంగుళం సందుకైతే అంగుళం పైన. ఇదివరకు ఎవరో పెట్టిన సిమెంటు రాయిని పట్టుకుని ఊడనంటే వదిలేయండి. దాన్ని పీకితే రాయి కూడా లేస్తుంది. వదులైనదే తీయండి.

ధూళి ఊది, సందును నీళ్లతో తడపండి. తడిసి ఉండాలి గానీ నీరు నిలవకూడదు. పొడి రాయి మీద పెట్టిన సున్నం లోని నీటిని రాయి లాగేసుకుంటుంది, మర్నాటికి గోరుతో గీకితే పొడిపొడిగా రాలుతుంది. సన్నటి తాపీతో ఒక్కో పొర 1 సెం.మీ. మించకుండా నొక్కి నింపండి. బొటనవేలితో అదిమితే అచ్చు పడనంత గట్టిపడ్డాక తర్వాతి పొర. వెడల్పు సందుల్లో చిన్న రాతి చిప్పలు దూర్చితే సున్నం కుదించుకుపోవడం తగ్గుతుంది. చివరి పొర రాయి ముఖం కన్నా కొంచెం లోపలికే ఆగాలి. రాయి మీదికి పూస్తే అంచు పలచబడి పొట్టులా లేస్తుంది, సందులు ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తాయి. సున్నం కొంచెం బిగిశాక గరుకు బ్రష్‌తో పొడిచినట్టు కొట్టండి. ఉపరితలం తెరుచుకుని గాలి తగులుతుంది. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనే.

ఆ తర్వాత వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. చాలా పనులు చెడేది ఇక్కడే, మేస్త్రీ తప్పు కూడా కాదు. పని అయిపోయిందనుకుని వాలంటీర్లు ఇళ్లకు పోతారు, గోనె ఆరిపోతుంది. ఎవరు ఏ పూట తడపాలో కాగితం మీద పేర్లు రాసి గోడకు అంటించండి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. ఆ ప్రాంతంలో మే నుంచి సెప్టెంబరు వరకు చేస్తే, తొలి మంచుకు ముందు బిగియడానికి వారాల వ్యవధి ఉంటుంది.

దూలాలు, పురుగు, పెయింట్

వైకాఫ్ ఇంటిది చెక్క చట్రం. రెండు నిలువు స్తంభాల మధ్య అడ్డ దూలం దిగ్గొట్టిన జతలు వరసగా నిలబెట్టి కట్టింది. ఇలాంటి ఇళ్లలో ముందు చూడాల్సింది అడుగు దూలం. తేమ మీటరు పెట్టండి. 20 శాతం దాటితే నీరు ఎక్కడినుంచో వస్తోందని అర్థం, ముందు ఆ దారి మూయండి. ఆరిన చెక్కలో కుళ్లు ముందుకు సాగదు. మందు కొట్టి తడిని వదిలేస్తే మందు దండగ. కుళ్లిన భాగాన్ని మంచి చెక్క వచ్చేదాకా కోసి, అదే జాతి చెక్కను, ఈనె దిశ కలిసేలా అతకాలి. ఎపాక్సీ (గట్టిపడే రెజిన్ జిగురు) చిన్న కంతలకు పనికొస్తుంది. తడి తగిలే దూలానికి నిలువెల్లా పోస్తే, దాని వెనక చెక్క కుళ్లుతూనే ఉంటుంది.

1 నుంచి 3 మి.మీ. రంధ్రాలు, పక్కనే మెత్తటి పొడి కనిపిస్తే గాబరా పడకండి. పురుగు ఎప్పుడో పోయి ఉండవచ్చు, పొడి మాత్రం కదలికకు రాలుతూ ఉంటుంది. పొడి శుభ్రంగా తుడిచి, కింద నల్ల కాగితం పరిచి తేదీ వేయండి. వేసవి దాటాక కొత్త రంధ్రాలూ, తాజా పొడీ వస్తేనే పురుగు ఉన్నట్టు. బోరేట్ మందు పట్టించాలంటే చెక్క మీద పెయింట్ ఉండకూడదు. పెయింట్ మీద కొడితే లోపలికి దిగదు.

1978కి ముందు కట్టిన ఏ అమెరికన్ ఇంట్లోనైనా సీసం ఉన్న పెయింట్ ఉందనుకునే పని మొదలుపెట్టాలి. పొడిగా గీకడం, సాండర్ పెట్టడం, మంటతో కాల్చడం చేయకూడదు. తడిపి గీకాలి, కింద 6 మిల్ (అంగుళంలో వెయ్యోవంతులు ఆరు) మందం ప్లాస్టిక్ పరవాలి, సన్నటి ధూళిని కూడా పట్టే ఫిల్టరున్న హెపా వాక్యూమ్‌తోనే శుభ్రం చేయాలి. ఆ రోజు పిల్లల టూర్లు రద్దు చేయాలి. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి. ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు నింపిన, మూత ఉన్న ఇనప డబ్బాలో వేయాలి. చెక్క మ్యూజియంలో నిప్పు గురించి చెప్పాల్సిన ఒక్కమాట చెప్పమంటే ఇదే చెబుతాం.

లోపలి గాలి

జనవరిలో బయట -5 డిగ్రీలున్న గాలిని లోపల 21 డిగ్రీలకు వేడి చేస్తే, అందులో సాపేక్ష తేమ 15 శాతం దగ్గరికి పడిపోతుంది. బీరువా తలుపులు బీటలిస్తాయి, అతుకులు ఊడతాయి. హ్యుమిడిఫైయర్ పెట్టి 50 శాతానికి తేవాలనుకుంటే ఆ తేమ చల్లటి గోడల్లోకి వెళ్లి నీరవుతుంది. వస్తువుల్ని కాపాడబోయి ఇంటిని పాడుచేసినట్టు. మంచి దారి వేడి తగ్గించడం. సందర్శకులు లేని రోజుల్లో 10 నుంచి 13 డిగ్రీలు చాలు, నీటి పైపులు గడ్డకట్టకుండా చూసుకుంటే. చూడటానికి వచ్చేవాళ్లు కోటు తీయకుండా తిరుగుతారు, అంతే.

వేసవిలో లెక్క తిరగబడుతుంది. డిక్‌మన్ ఇంట్లో చలికాలపు వంటగది నేలమాళిగలో ఉంది. బయట 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలుపెడుతుంది. నేలమాళిగ గోడ 18 డిగ్రీలుంటే, "కాస్త గాలి ఆడనిద్దాం" అని కిటికీ తెరిచిన మధ్యాహ్నం ఆ గోడ చెమటలు పోస్తుంది, తర్వాత బూజు పడుతుంది. ఉక్కపోత రోజుల్లో మూసి డీహ్యుమిడిఫైయర్ పెట్టండి, పొడిగా ఉన్న చల్లటి రోజు చూసి తెరవండి.

వస్తువులు

ప్రతి వస్తువుకూ నంబరు: వచ్చిన ఏడాది, ఆ ఏడాది ఎన్నో విరాళం, అందులో ఎన్నో వస్తువు. ఉదాహరణకు 2024.3.12. నేరుగా పెన్నుతో రాయకూడదు. పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ రెజిన్ సన్నటి పూత, అది ఆరాక సిరా, పైన మళ్లీ పూత. అప్పుడు కావాలంటే అసిటోన్‌తో ఆనవాలు లేకుండా తీసేయొచ్చు. బట్టల మీద పూత వద్దు, పేరు రాసిన నూలు పట్టీని కుట్టాలి. దుప్పట్లు, కాగితాలు, నీటిరంగు బొమ్మల మీద వెలుతురు 50 లక్స్ దాటకూడదు. ఉన్ని దుప్పటికి చిమట పడితే గాలి తీసిన పాలిథీన్ సంచిలో మూసి, -20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. విప్పితే గదిలోని తేమ చల్లటి ఉన్ని మీద నీరై కూర్చుంటుంది. చిత్రపటాలు, గాజు, పొదిగిన పని ఉన్న చెక్కసామాను ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

సందర్శకులు, లేబుళ్లు

ఇప్పటి లెక్కల్లో ఇంటి నేల చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువుకు డిజైన్ చేస్తారు, జనం గుమిగూడే హాలు నేలైతే 100 పౌండ్లకు. ఫార్మ్‌హౌస్ నేలను ఎవరూ లెక్కవేసి కట్టలేదు. పైగా టూర్‌లో జనం గదంతా పరుచుకోరు, పొయ్యి ముందు ఒక్కచోటే గుంపుగా నిలబడతారు. స్ట్రక్చరల్ ఇంజినీరు దూలాలు చూసి సంఖ్య చెప్పేదాకా పైఅంతస్తు గదిలోకి ఒకసారికి 10 మందిని మించనివ్వకండి. కిందినుంచి చూసి దూలం మధ్య భాగంలో పైపుల కోసం కోసిన గాట్లు ఉన్నాయేమో ముందే గుర్తించి ఇంజినీరుకు చూపించండి. అవి ఉంటే ఆ దూలం బలాన్ని నమ్మలేం.

లేబుళ్ల దగ్గర చాలా మ్యూజియంలు తొందరపడతాయి. "కుటుంబ వంటగది" అని రాసి పెడితే, అక్కడ వండింది ఆ కుటుంబమేనని చదివేవాళ్లు అనుకుంటారు. న్యూయార్క్‌లో బానిసత్వాన్ని క్రమంగా రద్దుచేసే చట్టం 1799లో వచ్చింది, పూర్తి విముక్తి 1827 జులై 4న. అంతకుముందు ఈ డచ్ పొలాల్లో దున్నినవాళ్లలో, వండినవాళ్లలో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఎందరో ఉన్నారు. ఆ భూమి యూరోపియన్లు రాకముందు అక్కడి మూలవాసులైన లెనాపీ ప్రజలది. డిక్‌మన్ మ్యూజియం తన ఇంటి తాలూకు బానిసల వివరాలు వెతికే పరిశోధన చేపట్టింది. మీ ఇంటి విషయంలో వెతకాలంటే 1790 జనగణనతో మొదలుపెట్టండి. అందులో బానిసల సంఖ్య మాత్రమే ఉంటుంది, పేర్లుండవు. పేర్లు వీలునామాల్లో, చనిపోయాక రాసిన ఆస్తి జాబితాల్లో, విడుదల పత్రాల్లో, డచ్ రిఫార్మ్‌డ్ చర్చిల బాప్టిజం రిజిస్టర్లలో దొరకవచ్చు. ఆస్తి జాబితాలో మనుషుల పేర్లు గుర్రాల పక్కన, వెలతో సహా కనిపిస్తాయి. ఆ పంక్తిని యథాతథంగా ఫొటో తీసి గోడ మీద పెట్టడం ఎంత పొడుగు వ్యాఖ్యానం కన్నా మెరుగు.

ఒక్కో లేబుల్ 50 నుంచి 75 పదాలు మించకుండా చూడండి. దాని వెనక, గోడకు ఆనేవైపు, ఆ సమాచారం ఏ పత్రం నుంచి, ఏ పేజీ నుంచి తీసుకున్నారో, ఏ తేదీన రాశారో పెన్సిల్‌తో రాసి, అదే వివరం ఫైల్లోనూ ఎక్కించండి. తర్వాత వచ్చే క్యురేటరు తప్పు పట్టుకుంటే, దిద్దడానికి ఎక్కడ వెతకాలో తెలియాలి.